మెడికల్ ఎడ్యుకేషన్ ప్రాజెక్టుకి ఏది ఎంచుకోవాలి? ఆస్కీ, మినీ సీఈఎక్స్, ఎంసీక్యూ విశ్లేషణ, ఇంటర్వ్యూలు: హైదరాబాద్ కాలేజీల్లో నడిచేవి, నడవనివి

అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన రెండు మూడేళ్లకి చాలామంది మెడ మీదకి ఈ పని వచ్చిపడుతుంది: మెడికల్ ఎడ్యుకేషన్ మీద ఒక ప్రాజెక్టు చెయ్యాలి. కొందరికి ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) టీచర్లకి పెట్టే అడ్వాన్స్‌డ్ కోర్సులో అది భాగం. కొందరికి ప్రమోషన్‌కి పేపర్ తక్కువైంది. కొద్దిమందికి మాత్రం తమ వార్డులో ఇంటర్న్‌లకి ఫలానా పని ఎందుకు రావట్లేదో నిజంగానే తెలుసుకోవాలని ఉంటుంది. ఈ మూడో రకం వాళ్ల పని తొందరగా తెములుతుంది, ప్రశ్న వాళ్ల దగ్గర ముందే ఉంటుంది కాబట్టి. మిగతా వాళ్లు ముందు పద్ధతి ఎంచుకుని, తర్వాత దానికి తగ్గ ప్రశ్న వెతుక్కుంటారు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కల కాలేజీల్లోనూ జూనియర్ ఫ్యాకల్టీకి నిజంగా అందుబాటులో ఉన్న దారులు ఐదు: కొత్త బోధన పద్ధతిని పరీక్షించడం, ఎంసీక్యూల (ఆప్షన్లిచ్చి అడిగే ప్రశ్నల) విశ్లేషణ, ఆస్కీ (స్టేషన్ల వరసలో నడిచే ప్రాక్టికల్ పరీక్ష), వార్డులో కూర్చుని చూసే మినీ సీఈఎక్స్ లేదా డాప్స్, ఇంటర్వ్యూలు. వీటిలో ఏది గొప్పది అని అడిగితే జవాబు లేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో స్టూడెంట్ పేషెంట్ దగ్గర పని చేస్తుంటే పక్కన నిలబడి చూసే మనిషి ఎవరు, ఎంతసేపు చూడగలరు అని అడిగితే జవాబు దొరుకుతుంది. సలహా కోసం వచ్చిన వాళ్లని నేను ముందు అడిగేది ఇదే.

పోల్చడానికి కొలబద్దలు రెండున్నాయి, రెండూ పాతవే. 1990లో జార్జ్ మిల్లర్ చెప్పిన పిరమిడ్ ఒకటి: అడుగున తెలుసు, దాని పైన ఎలాగో తెలుసు, ఆ పైన చేసి చూపిస్తాడు, కొసన రోజూ చేస్తాడు. ఎంసీక్యూ అడుగు రెండు మెట్లకీ సరిపోతుంది, ఆస్కీ మూడో మెట్టుకి, వార్డులో చూసేది నాలుగో మెట్టుకి. రెండోది 1996లో వాన్ డెర్ వ్లూటెన్ ఇచ్చిన లెక్క: ఒక పరీక్ష ఎంత ఉపయోగమో తేల్చాలంటే నమ్మకం (మళ్లీ పెట్టినా అదే ఫలితం వస్తుందా), కొలవాల్సిందే కొలుస్తోందా, నేర్చుకోవడం మీద ప్రభావం, జనం ఒప్పుకుంటారా, ఖర్చు అనే ఐదింటినీ చూడాలి. అతను వీటిని కూడలేదు, గుణించాడు. ఒక్కటి సున్నా అయితే మొత్తం సున్నా. ఎంత శాస్త్రీయంగా తయారుచేసిన ఆస్కీ అయినా, మీ హెచ్‌ఓడీ 'ఇవన్నీ మనకెందుకమ్మా' అన్నారంటే ఆ గుణకారం అక్కడికి ముగిసినట్టే.

అందరూ ముందు పట్టే దారి

ఫ్లిప్డ్ క్లాస్‌రూమో (పాఠం ఇంట్లో చదువుకొచ్చి క్లాసులో చర్చించడం), చిన్న గ్రూపుల్లో కేస్ చర్చో, ఏదో ఒక కొత్త పద్ధతి తీసుకుంటారు. ముందు ఇరవై ప్రశ్నల పరీక్ష. తర్వాత క్లాసు. అది అవగానే మళ్లీ అవే ఇరవై ప్రశ్నలు. మార్కులు పెరుగుతాయి, పీ వేల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) 0.001 కన్నా తక్కువ వస్తుంది. చివర్లో గూగుల్ ఫామ్: 'ఈ పద్ధతి మీకు నచ్చిందా?' ఐదు పాయింట్ల స్కేలు మీద అందరూ నాలుగో ఐదో నొక్కుతారు. పేపర్ రెడీ.

ఇందులో మార్కులు పెరగకపోతేనే వింత. గంట క్రితం చెప్పిన పాఠం మీద గంట క్రితం చూసిన ప్రశ్నలే ఇస్తే, సుద్దముక్కతో బోర్డు మీద చెప్పినా పెరుగుతాయి. నచ్చిందా అని అడిగింది కూడా ఇంటర్నల్ మార్కులు వేసే టీచరే. ఆ ఫామ్‌లో పేరు లేదన్నా పిల్లలు నమ్మరు, నమ్మకపోవడంలో తప్పూ లేదు. కిర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా విడదీశాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, చివరికి ఫలితం మారిందా. మన ప్రాజెక్టులు చాలావరకు మొదటి రెండు మెట్ల దగ్గరే కూర్చుంటాయి.

2008లో కుక్, బోర్డాజ్, ష్మిట్ మెడికల్ ఎడ్యుకేషన్ పరిశోధనని మూడు రకాలుగా విడదీశారు. మేం ఇది చేశాం అని వర్ణించేవి, ఇది పని చేసిందా అని తేల్చేవి, ఎలా ఎందుకు పని చేసింది అని విప్పేవి. మూడో రకమే అందరికీ పనికొస్తుందనీ, అదే అన్నిటికన్నా తక్కువగా జరుగుతోందనీ వాళ్లు లెక్క చూసి చెప్పారు. మన ఊళ్లో ఆ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుందని నా అభిప్రాయం.

సరే, మీ పరిస్థితిలో ఇదొక్కటే వీలవుతుందనుకోండి. అప్పుడు క్రాసోవర్ చెయ్యండి. బ్యాచ్‌ని రెండుగా చేసి, మొదటి టాపిక్ ఏ గ్రూపుకి కొత్త పద్ధతిలో, బీ గ్రూపుకి పాత పద్ధతిలో చెప్పండి. రెండో టాపిక్‌కి తారుమారు చెయ్యండి. ఎవరికీ అన్యాయం జరగదు, ఎథిక్స్ కమిటీ కూడా కిక్కురుమనదు. రెండు గ్రూపులకీ అంతే సమయం, వీలైతే అదే టీచర్. పరీక్ష వెంటనే కాకుండా ఆరు వారాలాగి, వేరే ప్రశ్నలతో పెట్టండి. అప్పుడు కూడా తేడా కనిపిస్తే ఆ పేపర్‌కి విలువ ఉంటుంది. కనిపించకపోతే ఇంకా విలువ, కాకపోతే అచ్చు వేయించడానికి కాస్త తిరగాలి.

ఈ సందర్భంలో మన ఊరి సంగతి ఒకటి. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి పూర్వరూపమైన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి క్లోరోఫాం అనే మత్తుమందు మీద కమిషన్లు నడిపించాడు. క్లోరోఫాం గుండెని ముందు ఆపదు, ఊపిరినే ముందు ఆపుతుంది, కాబట్టి ఊపిరి చూసుకుంటే చాలు అన్నది ఆయన ముందునుంచీ గట్టిగా నమ్మిన మాట. నిజాం డబ్బిచ్చాడు, లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని పంపింది, వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. తేలిందేమిటంటే లారీ నమ్మినదే. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసి, తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె ఫిబ్రిలేషన్‌లోకి పోయి (కొట్టుకోవడం మాని వణికి) ఒక్కసారిగా ఆగిపోగలదని చూపించాడు. హైదరాబాద్ వాళ్లు కష్టపడలేదని ఎవరూ అనలేరు. జవాబు తమకి వ్యతిరేకంగా రావడానికి ప్రయోగంలో చోటు చాల్లేదంతే. మీ ప్రోటోకాల్ చేతికి రాగానే చూడాల్సింది అదే: ఏ ఫలితం వస్తే నేను తప్పని ఒప్పుకుంటాను? అలాంటి ఫలితం రావడానికి దారే లేకపోతే ప్రోటోకాల్ మార్చండి.

మనుషులు లేరు, డబ్బు లేదు, టైం లేదు అనేవాళ్లకి

ఎంసీక్యూల విశ్లేషణ. దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, ఒంటరిగా పని చేసేవాళ్లకి ఇంతకన్నా నిజాయితీగల ప్రాజెక్టు లేదు. ఇంటర్నల్ పరీక్షల ఓఎంఆర్ షీట్లు ఇప్పటికే బీరువాలో ఉన్నాయి. పేర్లు తీసేసిన పాత రికార్డులు కాబట్టి ఎథిక్స్ కమిటీలో కూడా తేలిగ్గా తెములుతుంది.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. 150 మంది బ్యాచ్ అనుకుందాం. మొత్తం మార్కుల ప్రకారం పై 27 శాతం, కింది 27 శాతం తీసుకుంటే చెరో 40 మంది. ఒక ప్రశ్నకి పై వాళ్లలో 30 మంది, కింది వాళ్లలో 10 మంది సరైన జవాబు పెట్టారు. 80లో 40, అంటే డిఫికల్టీ ఇండెక్స్ 50 శాతం. 30లోంచి 10 తీసి 40తో భాగిస్తే 0.5, అది డిస్క్రిమినేషన్ ఇండెక్స్, అంటే చదివేవాళ్లనీ చదవనివాళ్లనీ ఆ ప్రశ్న ఎంత విడదీస్తుందో చెప్పే లెక్క. బంగారం లాంటి ప్రశ్న. ఇంకో ప్రశ్నకి పై వాళ్లలో 18, కింది వాళ్లలో 24 మంది సరిగ్గా పెట్టారనుకోండి. మైనస్ 0.15 వస్తుంది. చదివే పిల్లలు తప్పు పెట్టి, చదవని వాళ్లు గుడ్డిగా కొట్టి రైట్ అయ్యారన్నమాట. నూటికి తొంభై పాళ్లు అక్కడ కీ తప్పయి ఉంటుంది, లేదా రెండు ఆప్షన్లు సరైనవై ఉంటాయి. మామూలుగా డిఫికల్టీ 30 నుంచి 70 మధ్య, డిస్క్రిమినేషన్ 0.2 కి పైన ఉంటే ప్రశ్న ఉంచుకోవచ్చు. ఐదు శాతం మంది కూడా తొక్కని ఆప్షన్ ఊరికే చోటు నింపడానికి ఉన్నట్టు.

ఇక్కడితో ఆపేస్తే అది అందరూ రాసే పేపరే. ఒక అడుగు ముందుకెయ్యండి. చెడిపోయిన ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ఎవరు ఎలా రాశారో చూడండి. గైడ్ పుస్తకం నుంచి దింపినవా, 'పైవన్నీ' అని ముగిసినవా, 'కానిది ఏది' అని అడిగినవా? తర్వాత డిపార్ట్‌మెంట్‌లో ఒక పూట ప్రశ్నలు రాసే వర్క్‌షాప్ పెట్టి, వచ్చే ఇంటర్నల్స్‌లో మళ్లీ లెక్క కట్టండి. ఇప్పుడు మీరు పరీక్షిస్తున్నది పిల్లల్ని కాదు, మాస్టార్లని. అందుకే దీనికి ఒప్పుకునే సీనియర్లు తక్కువ, అందుకే ఇది చెయ్యదగ్గ పని కూడా. యూనివర్సిటీ థియరీలో ఎంసీక్యూలకి 20 శాతం మించి వెయిటేజీ ఇవ్వకూడదని నిబంధన ఉన్నా, నీట్ పీజీ 200 ప్రశ్నలూ అవే కాబట్టి పిల్లలు వీటిని ఎంత సీరియస్‌గా తీసుకుంటారో చెప్పక్కర్లేదు.

లాంగ్ కేసు గురించి ఒక మాట

లాంగ్ కేసు అంటే ఇదీ: పరీక్షలో స్టూడెంట్ పేషెంట్ దగ్గర ఒక్కడే కూర్చుంటాడు. హిస్టరీ తీసుకుంటాడు, పరీక్ష చేస్తాడు, కాగితం మీద రాసుకుంటాడు. అప్పుడు ఎగ్జామినర్ వస్తారు. స్టూడెంట్ చెప్తాడు, ఎగ్జామినర్ వింటారు, 'స్ప్లీన్ ఎక్కడిదాకా తగిలింది?' అని అడుగుతారు. కొలిచింది ప్రెజెంటేషన్‌ని. ఆ కుర్రాడు చెయ్యి కడుక్కున్నాడా, నొప్పి ఉన్న చోట ముందే నొక్కేశాడా, అసలు పొట్ట మీద చెయ్యి వేశాడా లేక వార్డులో తిరిగే పీజీ అన్నయ్య చెవిలో చెప్పింది అప్పజెప్పాడా, ఎవరూ చూడలేదు. పైగా ఒకే కేసు. గుండె జబ్బు బాగా చూసేవాడు నరాల కేసులో తెల్లమొహం వెయ్యొచ్చు, ఈ కేసు కేసుకీ మారే గుణాన్ని పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. ఎగ్జామినర్ పక్కన కూర్చుని చూస్తూ, కేసుల సంఖ్య పెంచితే లాంగ్ కేసు కూడా నమ్మదగ్గదే. కానీ అన్ని కేసులు ఎవరు పెడతారు? మిగిలిన రెండు దారులూ ఈ లోటు నుంచే పుట్టాయి.

ఆస్కీ: పేరున్నదే, బరువున్నదే

రొనాల్డ్ హార్డెన్ డండీలో మొదలుపెట్టి 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. స్టేషన్లు, గంట, చెక్‌లిస్టు. అందరికీ అదే పేషెంట్, అదే పని, అదే సమయం. న్యాయంగా ఉంటుంది, పిల్లలు కూడా న్యాయంగా ఉందనే అంటారు.

మరి ఖర్చు? ఉస్మానియా, గాంధీ కాలేజీల్లో ఏడాదికి 250 సీట్లు. పది స్టేషన్లు, ఒక్కోటి ఐదు నిమిషాలు, మారడానికి ఒక నిమిషం అంటే ఒక రౌండుకి గంట, గంటకి పది మంది. 250 మందికి 25 గంటలు. రెండు సర్క్యూట్లు పక్కపక్కన నడిపినా పన్నెండున్నర గంటలు. పదిలో నాలుగు స్టేషన్లు ఎక్స్‌రే, ఈసీజీ, రిపోర్టు లాంటి మనిషి అక్కర్లేనివి పెట్టుకున్నా రెండు సర్క్యూట్లకి పన్నెండు మంది ఎగ్జామినర్లు కావాలి, ఓపీ వదిలి రావాలి. రెండు రోజుల పరీక్ష అయితే మొదటిరోజు మధ్యాహ్నానికి స్టేషన్లన్నీ వాట్సాప్‌లో ఉంటాయి. కాబట్టి వాళ్లని కలవనివ్వకుండా ఒక సెమినార్ హాల్‌లో కూర్చోబెట్టాలి, భోజనం ఏర్పాటు చెయ్యాలి. ఆ ఏర్పాటు ఎవరి నెత్తిన పడుతుందో జూనియర్లకి చెప్పక్కర్లేదు.

ఆస్కీ ఎంచుకుంటే రెండు విషయాలు తెలిసి ఎంచుకోండి. ఒకటి, ఒక స్టేషన్‌లో ఇద్దరు ఎగ్జామినర్లని పెట్టడం కన్నా, వాళ్లని రెండు స్టేషన్లలో ఒక్కొక్కరిగా పెడితే నమ్మకం ఎక్కువ పెరుగుతుంది. మన వాళ్లు దీనికి ఉల్టా చేస్తారు. రెండు, చెక్‌లిస్టు ఎంత పొడుగైతే అంత శాస్త్రీయం అనుకోవడం. 'తనని పరిచయం చేసుకున్నాడు: అవును, కాదు', 'చెయ్యి కడుక్కున్నాడు: అవును, కాదు' అని ఇరవై ఐదు టిక్కులు పెడితే, అన్నీ గబగబా అప్పజెప్పిన మూడో ఏడాది పిల్లాడికి ఇరవై మూడు వస్తాయి. రెండే ప్రశ్నల్లో జబ్బు పట్టేసిన సీనియర్ రెసిడెంట్‌కి పద్నాలుగు వస్తాయి. అనుభవం ఉన్న ఎగ్జామినర్ మొత్తంగా చూసి ఇచ్చే గ్లోబల్ రేటింగ్ చెక్‌లిస్టుకేమీ తీసిపోదని టొరొంటో వాళ్లు 1998లోనే చూపించారు. ఎంబీబీఎస్‌కి చెక్‌లిస్టు ఉంచండి, పీజీలకి గ్లోబల్ రేటింగ్ వాడండి.

మన ఊళ్లో ఆస్కీ మీద ఎవరైనా చెయ్యదగ్గ అసలు ప్రశ్న ఒకటి ఉంది: భాష. కమ్యూనికేషన్ స్టేషన్లు చాలా కాలేజీల్లో ఇంగ్లిష్‌లో నడుస్తాయి. పేషెంట్ వేషం వేసే ఇంటర్న్ ఇంగ్లిష్‌లో 'డాక్టర్, ఐ హావ్ పెయిన్' అంటాడు. నిజం వార్డులో ఆ మాట తెలుగులోనో, దక్కనీలోనో, మరాఠీ కలిసిన ఉర్దూలోనో వస్తుంది. అదే స్టేషన్ ఇంగ్లిష్‌లో ఒకసారి, తెలుగులో లేదా దక్కనీలో ఒకసారి పెట్టి స్కోర్లు పోల్చండి. ర్యాంకులు తారుమారైతే మీ చేతిలో మంచి పేపర్ ఉన్నట్టే.

మినీ సీఈఎక్స్, డాప్స్: నా ఓటు వీటికే

జాన్ నార్సిని బృందం 1995లో అమెరికాలో మొదలుపెట్టింది. ఫ్యాకల్టీ ఒకరు పదిహేను ఇరవై నిమిషాలు రెసిడెంట్‌ని నిజమైన పేషెంట్ దగ్గర చూస్తారు, తొమ్మిది పాయింట్ల స్కేలు మీద మార్కు పెడతారు, అక్కడికక్కడే ఫీడ్‌బ్యాక్ ఇస్తారు. హిస్టరీ, పరీక్ష, మాట్లాడే తీరు, క్లినికల్ జడ్జిమెంట్ ఇలా ఏడు అంశాలు. డాప్స్ కూడా ఇదే తరహా, ఎల్‌పీ (వెన్నులోంచి నీరు తియ్యడం), ఐసీడీ (ఛాతీలోకి గొట్టం వెయ్యడం), సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి గొట్టం వెయ్యడం) లాంటి ప్రొసీజర్లకి. సర్జరీ, అనస్తీషియా వాళ్లు డాప్స్ తీసుకుంటారు, మెడిసిన్, పీడియాట్రిక్స్ వాళ్లు మినీ సీఈఎక్స్.

దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. పాతబస్తీ నుంచి వచ్చిన అరవై ఏళ్ల ఆయన, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు). 'దమ్ చడ్‌రా సాబ్' (ఆయాసమొస్తోంది) అంటాడు. రెండో ఏడాది పీజీ అడుగుతుంది, 'బల్గం ఆతా క్యా?' (కఫం పడుతోందా?) ఆయన నోరు తెరిచేలోపే పక్కనున్న కొడుకు జవాబు చెప్తాడు. పీజీ రాసుకుంటుంది. చొక్కా మీదనుంచే స్టెత్ పెడుతుంది. దిండు పక్కన ఇన్‌హేలర్ ఉంది, 'వాడుతున్నారా?' అంటే 'హా, రోజ్' అంటాడు. దాన్నీ రాసుకుంటుంది. ఫ్యాకల్టీ ఈ సేపంతా నోరు విప్పలేదు, అదే కష్టం, మన ప్రొఫెసర్లకి మరీ కష్టం. పన్నెండు నిమిషాలయ్యాక వరండాలోకి పిలిచి చెప్తారు: 'భాష బాగా మాట్లాడావమ్మా, పెద్దాయన నీ దగ్గర భయపడలేదు. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నాడో చూశావా?' చూడలేదు. లోపలికెళ్లి చూపించమంటే ఆయన మందు నోట్లోకి కొట్టుకుని, ఆ తర్వాత ఊపిరి పీలుస్తాడు. మూడోసారి అడ్మిషన్ ఎందుకైందో అక్కడ తెలుస్తుంది. ఏ వైవాలోనూ ఇది బయటపడదు.

'మాకు టైం లేదు' అనే మాటని లెక్కతో తేల్చుకోండి. మూడేళ్లకీ కలిపి 24 మంది పీజీలు, ఒక్కొక్కరికి ఏడాదికి నాలుగు ఎన్‌కౌంటర్లు (ఇలా పేషెంట్ దగ్గర కూర్చుని చూసే సందర్భాలు), ఫీడ్‌బ్యాక్‌తో కలిపి ఒక్కోటి 25 నిమిషాలు. 96 ఎన్‌కౌంటర్లు, 40 గంటలు. ఆరుగురు ఫ్యాకల్టీ పంచుకుంటే ఏడాదికి ఒక్కొక్కరికి ఏడు గంటలు కూడా పడదు. టైం ఉంది. అలవాటు లేదు.

దీనికున్న జబ్బు వేరే. అందరికీ ఏడో ఎనిమిదో పడతాయి. రేపు అదే పీజీతో నైట్ డ్యూటీ చెయ్యాలి, ముఖం మీద నాలుగు ఎవరు వేస్తారు? అందుకే మార్కుల్ని మీ పరిశోధనలో కేంద్రంగా పెట్టొద్దు. 'మినీ సీఈఎక్స్ మా దగ్గర వీలవుతుందా?' అనే ప్రశ్న అసలే వద్దు, వీలవుతుందని ఇప్పటికే చాలామంది రాశారు. ఫీడ్‌బ్యాక్ గడిలో రాసిన మాటల్ని తీసుకోండి. 'గుడ్, కీప్ ఇట్ అప్' ఎన్నిట్లో ఉంది, 'ఇన్‌హేలర్ టెక్నిక్ చూడాలి' లాంటి పని చెప్పే వాక్యం ఎన్నిట్లో ఉంది? చెప్పిన పని తర్వాతి ఎన్‌కౌంటర్‌లో ఆ పీజీ చేసిందా? ఫ్యాకల్టీకి ఒక పూట శిక్షణ ఇచ్చాక ఆ వాక్యాలు మారాయా? ఇది మూడో రకం ప్రశ్న, ఎందుకు ఎలా అని విప్పేది. దీనికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి ఎంతవరకు ఏకీభవించారో కాపా లెక్క కడితే సరిపోతుంది.

ఈపీఏలు, అంటే 2005లో ఓలే టెన్ కేట్ చెప్పిన 'ఈ పని ఇతనికి ఒంటరిగా అప్పగించొచ్చా' అనే పద్ధతి, కొత్త మోజు. బావుంది. కానీ పక్కన నిలబడి చూసే అలవాటే లేని డిపార్ట్‌మెంట్‌లో ఈపీఏ ఫారాలు తెస్తే, లాగ్‌బుక్‌లకి పట్టిన గతే వాటికీ పడుతుంది: పరీక్షకి వారం ముందు ఒకే పెన్నుతో వంద సంతకాలు.

ఇంటర్వ్యూలు, గ్రూప్ చర్చలు

తేలిక అనుకుని దిగుతారు. గంట రికార్డింగ్ రాత్రి కూర్చుని రాస్తే ఐదారు గంటలు పడుతుంది, అదీ తెలుగు, ఇంగ్లిష్, హిందీ కలగలిసిన మాటలైతే ఇంకా ఎక్కువ. ఆపైన మీరే అడిగితే 'అన్నీ బాగున్నాయి సార్' తప్ప వేరే మాట రాదు. వేరే డిపార్ట్‌మెంట్ మనిషి చేత, వీలైతే వేరే కాలేజీ మనిషి చేత అడిగించండి. ఇంటర్న్‌షిప్ అయిపోయి సర్టిఫికెట్ చేతికొచ్చిన వాళ్లని అడిగితే నిజం ఎక్కువ వస్తుంది. ఏడెనిమిది మందితో రెండు మూడు గ్రూపులు చేసి, కొత్త విషయం రావడం ఆగిపోయిందని తెలిసేదాకా వెళ్లాలి. సొంతంగా చదివి, రాసి, ఆలోచించే ఓపిక ఉన్నవాళ్లకి మంచి దారి. పీ వేల్యూ లేకపోతే పేపరే కాదనే గైడ్ ఉంటే వద్దు.

మరి మీకేది?

పెద్ద సర్కారు ఆస్పత్రిలో పని చేస్తుంటే, పేషెంట్లకి కొదవ లేదు, పీజీలున్నారు: మినీ సీఈఎక్స్ లేదా డాప్స్. ఆస్కీ జోలికి డిపార్ట్‌మెంట్ అంతా మీ వెనక ఉంటే తప్ప పోవద్దు. ఊరి అంచున, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉన్న ప్రైవేటు కాలేజీలో బెడ్లు సగం ఖాళీగా ఉండి, స్కిల్ ల్యాబ్‌లో మానెక్విన్లు కొత్తగా ఉంటే: ఆస్కీ. అక్కడ ఫ్యాకల్టీకి మధ్యాహ్నాలు దొరుకుతాయి, మేనేజ్‌మెంట్‌కి ఫొటోలు కావాలి, రెండూ మీకు కలిసొస్తాయి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వాళ్లయితే ఎంసీక్యూ విశ్లేషణ లేదా క్రాసోవర్. పీజీగా ఉంటూ థీసిస్‌కి ఇది తీసుకుందామనుకుంటే గైడ్ మనసు ముందు కనుక్కోండి. మెడికల్ ఎడ్యుకేషన్ టాపిక్ అంటే 'సబ్జెక్ట్ థీసిస్ చెయ్యి బాబూ' అనేవాళ్లే ఎక్కువ, వాళ్లతో మూడేళ్లు పోట్లాడే తీరిక మీకుండదు.

పేపర్ ఎక్కడ వెయ్యాలనేది ఆఖరున చూసుకోవచ్చు గానీ, డబ్బు కడితే పది రోజుల్లో వేస్తామని మెయిల్ పెట్టే జర్నళ్ల లింక్ నొక్కకండి.

క్యాలెండర్ మాత్రం ఇప్పుడే చూసుకోండి, హైదరాబాద్‌లో ప్రాజెక్టులు ఎక్కువగా కుంటుపడేది అక్కడే. పీజీలు మూడు నుంచి ఐదో సెమిస్టర్ మధ్య మూడు నెలలు డిస్ట్రిక్ట్ రెసిడెన్సీకి, అంటే జిల్లా ఆస్పత్రిలో పనికి పోతారు. సంగారెడ్డో వికారాబాదో వెళ్లినవాళ్లు మీ రెండో ఎన్‌కౌంటర్‌కి దొరకరు. ఎవరు ఎప్పుడు వెళ్తున్నారో ఆఫీసు నుంచి లిస్టు తీసుకుని ఆ తర్వాతే సాంపిల్ లెక్క కట్టండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా డెంగీ, వైరల్ జ్వరాలతో మెడిసిన్, పీడియాట్రిక్స్ వార్డులు కిక్కిరిసి ఉంటాయి. అప్పుడు కూర్చుని చూద్దామంటే యూనిట్ చీఫ్ మీ వైపు చూసే చూపు వేరుగా ఉంటుంది.

ఇక ఎథిక్స్. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, విద్యార్థులు పైవాళ్ల ఒత్తిడికి లోనయ్యే అవకాశం ఉన్నవాళ్లు. కాబట్టి సమ్మతి పత్రం మీరు పట్టుకెళ్లి సంతకం పెట్టించకండి, మార్కులతో సంబంధం లేని ఇంకొకరి చేత చెయ్యించండి. కాదన్నా ఇంటర్నల్స్‌కి ఇబ్బంది ఉండదని అందులో తెలుగులోనూ రాయండి. పేషెంట్‌ని కూడా అడగాలి, చాలామంది మర్చిపోయేది ఇదే: మినీ సీఈఎక్స్‌లో మంచం మీదున్న ఆయన కూడా మీ అధ్యయనంలో ఉన్నట్టే. ఎథిక్స్ కమిటీ ఆమోదానికి రెండు మూడు నెలలు పట్టొచ్చని వేసుకోండి, ఆమోదం తేదీ కన్నా ముందు తీసిన ఒక్క స్కోరు కూడా వాడకండి. జూన్‌లో ప్రోటోకాల్ రాసి జులైలో కమిటీకి ఇస్తే, జ్వరాల సీజన్‌లో ఫ్యాకల్టీకి శిక్షణ పెట్టుకుని, నవంబరులో మొదటి ఎన్‌కౌంటర్ మొదలుపెట్టొచ్చు.